టోకెలావ్ పోగొట్టుకున్న శుక్రవారం

నవంబర్ 5, బుధవారం

ఈ డైరీ జనవరిలో సిమెంటు అమ్మే ఒకాయన ఇచ్చాడు. తేదీకి ఒక పేజీ, పేజీ పైన అచ్చు వేసిన తారీఖు. పది నెలలు సొరుగులో పడి ఉంది. ఇవాళ బయటికి తీయడానికి కారణం నా కూతురు అఫ్షాన్.

రాయచోటిలో తొమ్మిదో తరగతి. సృజన టీచరు క్లాసులో చీట్లు తీయించిందట, చీటీకి ఒక చిన్న దేశం. పక్కపిల్లలకు భూటాను, మాల్దీవులు వస్తే మా పిల్లకు టోకెలావ్ వచ్చింది. ఊళ్లో ఎవరినడిగినా అదేదో బిస్కెట్ పేరులా ఉందన్నారట. "అబ్బా, మీది ఆఫీసు పని కదా, కంప్యూటర్‌లో చూసి చెప్పండి" అంది. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, అబ్బా అంటే నాన్న. చదివింది నేనూ తెలుగే, అదీ తెలుగే. కాబట్టి ప్రాజెక్టు కబుర్లన్నీ తెలుగులోనే.

నాది ఆఫీసు పనే. పోర్టా క్యాబిన్‌కు ఏసీ ఉన్నాక దాన్ని ఆఫీసనక ఏమంటారు. సౌదీలో ఈ జుబైల్‌లో ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్‌కు వచ్చిన రెండు వేల మంది హాజరు నా చేతిలో ఉంది.

నవంబర్ 6, గురువారం

భూగోళం. సమోవాకు ఉత్తరంగా అయిదు వందల కిలోమీటర్ల దూరంలో మూడు దీవులు: అటాఫు, నుకునోను, ఫకాఒఫో. ఒక్కోటీ నీళ్ల మధ్య పడేసిన చేతి గాజులాగా ఉంటుంది. గాజు వెడల్పే భూమి, లోపలంతా మడుగు. మూడింటి నేలా కలిపితే పన్నెండు చదరపు కిలోమీటర్లు దాటదు. కొండ లేదు, ఏరు లేదు. ఎంత ఎత్తైన చోటు చూసినా మా క్యాంపు మిద్దె అంత ఉండదు. వానపడితే తొట్లలో పట్టుకుని తాగాలి.

విమానాశ్రయం లేదు. ఓడ రావాలంటే సమోవా నుంచి రావాలి. వచ్చినా ఒడ్డుకు చేరదు, పగడపు దిబ్బ అడ్డం. నడిసముద్రంలో నిలబడితే చిన్న పడవల్లో మనుషుల్నీ బియ్యాన్నీ దింపుకుంటారు. పోవాలనుకున్నవాడు ఓడ వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

ఇదంతా చెబితే అఫ్షాన్ "మీ లాగే ఉంది అబ్బా" అంది. ఏం మాట అది. నాకు ఎగ్జిట్ రీఎంట్రీ, అదే ఊరెళ్లి వచ్చే వీసా, కొట్టించుకుంటే విమానం ఉంది. కొట్టే వాళ్లు కొట్టాలి, అంతే.

నవంబర్ 9, ఆదివారం

మొన్నటి పేజీ, నిన్నటి పేజీ బాగా కుదిరాయి. నిన్న మా మేనేజర్ ఫారూఖ్ సార్ గురించి రాసింది కొంచెం ఎక్కువైందేమో. అయినా ఎవరు చదువుతారులే.

ప్రజలు. దీవుల్లో ఉండేది పదిహేను వందల చిల్లర. న్యూజిలాండ్‌లో స్థిరపడిన టోకెలావ్ వాళ్లు అంతకు అయిదారు రెట్లు. అందరిదీ న్యూజిలాండ్ పౌరసత్వమే. ఆదివారం ప్రార్థన తప్పరు, క్రికెట్‌ను తమకు నచ్చినట్టు మార్చుకుని ఊరు ఊరంతా ఆడతారు. ఫకాఒఫోలో పందులు సముద్రంలో ఈదుతూ మేత వెతుక్కుంటాయట. ఆ ముక్క అఫ్షాన్‌కు చెప్పలేదు.

మా ఆవిడ సురయ్యా ఫోన్ లాక్కుని, "ఆ మూడు దీవుల సంగతి సరే, మా ఇద్దరి సంగతేంటి" అంది. నా ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, వృత్తి ఇప్పటికీ "కూలీ" అనే ఉంది. దాన్ని టైంకీపర్‌గా మార్చమని ఫారూఖ్ సార్ నెలాఖరుకు హెడ్డాఫీసుకు ఉత్తరం రాస్తానన్నాడు. అది మారితే వేసవి సెలవుల్లో ఇద్దరినీ విజిట్ వీసా మీద రప్పించవచ్చు. అఫ్షాన్ నన్ను చివరిసారి చూసినప్పుడు దానికి ముందుపళ్లు రెండు లేవు.

నవంబర్ 12, బుధవారం

నా పద్ధతి మీద నాకే ముచ్చటేస్తుంది. రెండు వేల మంది గదులు తిరిగి తలలు లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. ప్రతివాడికీ మెస్‌లో ఒక టిఫిన్ డబ్బా ఉంటుంది, మీద పెయింటుతో నంబరు. తెల్లవారి అన్నం కట్టించుకుని డబ్బా ఎత్తుకున్నవాడు పనికి పోయినట్టు. డబ్బా అరలో మిగిలితే మనిషి గాయబ్. అర ముందు ఒక్క నడక నడిస్తే హాజరు అయిపోతుంది. సైట్ మార్చిన వాళ్ల పేర్లు మాత్రం రిజిస్టర్‌లో ముందే ఎక్కించుకోవాలి. ఎక్కిస్తూనే ఉంటాను.

మూడేళ్లుగా ఒక్క తప్పు దొర్లలేదు.

నవంబర్ 18, మంగళవారం

పదిరోజులు డబ్బా కదలని పదకొండు మంది పేర్లు గవర్నమెంటు పోర్టల్‌కు పంపాను, గైర్హాజరని. ఫారూఖ్ సార్ "షాబాష్ ఖాదర్ మియా" అన్నాడు. ఉత్తరం గురించి గుర్తుచేస్తే తల ఊపాడు.

ప్రభుత్వం. వాళ్లకు రాజధాని లేదు. ఒక్కో దీవికి ఒక్కో పెద్ద. దేశానికి పెద్ద ఎవరంటే, ఆ ముగ్గురూ ఏడాదికొకరు వంతులు వేసుకుంటారు. ఈ ఏడు ఈ దీవి, వచ్చే ఏడు ఆ దీవి. కుర్చీ కోసం కొట్టుకునే పని లేదు. పైన న్యూజిలాండ్ ఉంది. సొంతంగా పాలించుకుంటారా అని రెండుసార్లు ఓట్లు వేయించారు. మూడింట రెండొంతులు రావాలి. రెండోసారి పదహారు ఓట్లు తగ్గాయి. పదహారంటే మా క్యాంపులో రెండు గదులు.

అఫ్షాన్ ఆ పదహారు మందీ ఎవరని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను.

నవంబర్ 19, బుధవారం

స్వామి వచ్చాడు. పన్నెండో గది, మెట్‌పల్లి దగ్గర వాడు, స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కడతాడు. బాలన్నదీ అదే గది, అదే ఊరు, అదే పని.

"ఖాదర్ భాయ్, బాలన్న పేరు గాయబ్ లిస్టుల ఉన్నదంట?"

బాలన్న నంబరు 1146. హ్యాండిల్‌కు ఎర్ర గుడ్డపేలిక కట్టిన డబ్బా. అరలో పైవరుసలో తోమి బోర్లించి ఉంది. పది రోజులుగా చూస్తూనే ఉన్నాను.

"డబ్బా ఎత్తలేదు కదా" అన్నాను.

"తాయిఫ్ సైట్‌ల ఉంటే ఈడ డబ్బా ఎట్లెత్తుతడు? మీరే గద భాయ్ బండెక్కిచ్చింది. జుమ్మా నమాజ్ అయినంక, మెస్ ముంగట."

రిజిస్టర్ చూశాను. అందులో తాయిఫ్ పోయినట్టు లేదు. రిజిస్టర్‌లో లేనిది నాకెలా తెలుస్తుంది. కనుక్కుంటానని చెప్పి స్వామిని పంపించాను.

నవంబర్ 20, గురువారం

టోకెలావ్‌లో జైలు లేదట. తప్పు చేసినవాడిని పెద్దలు మందలించి ఊరి పనిలో పెడతారట.

నవంబర్ 21, శుక్రవారం

బాలన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ఫోటో, అరబ్బీలో. వెనకే కాల్ చేశాడు.

"ఖాదర్ భాయ్, గీ మెసేజ్ ఏందో సూడరాదే. నాకు సమజ్ గాలె."

పనికి రావడం లేదని కంపెనీ చెప్పినట్టు అందులో ఉంది. పంపింది నేను. చదివి చెప్పమంటున్నదీ నన్నే.

"ఏం లేదులే బాలన్నా. కంపెనీ మెసేజ్. అందరికీ వస్తుంటాయి" అన్నాను.

"మంచిది భాయ్" అన్నాడు. తాయిఫ్‌లో చలి బాగుందట, దానిమ్మ తోటల పక్కనే పనట. వచ్చే గురువారం పని అయిపోతుంది, రాత్రి బస్సుకు బయలుదేరుతానన్నాడు.

అబద్ధం కాదు. కంపెనీ మెసేజే కదా.

నవంబర్ 22, శనివారం

అబద్ధమే.

నవంబర్ 23, ఆదివారం

తాయిఫ్ నుంచి జుబైల్ దాకా, దేశం ఆ కొస నుంచి ఈ కొసకు, దారిలో చెక్‌పోస్టులు. బస్సెక్కి ఇఖామా అడుగుతారు, మిషన్‌లో చూస్తారు. బాలన్న నంబరు కొడితే పారిపోయినవాడని వస్తుంది. అక్కడి నుంచి నేరుగా తర్హీల్, దేశం దాటించేవాళ్లను ఉంచే జైలు. వేలిముద్రలు తీసుకుని ఇంటికి పంపుతారు, మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టనివ్వరు. పద్నాలుగేళ్ల సర్వీసు మనిషి. గురువారానికి ఇంకా నాలుగు రోజులు.

ఆర్థికం అడిగింది అఫ్షాన్. చెప్పాను. కొబ్బరి, చేపలు. తమ సముద్రంలో వల వేసుకోనిచ్చినందుకు విదేశీ ఓడలు కట్టే రుసుము. స్టాంపులు, చాపల అల్లిక. న్యూజిలాండ్ పంపే సాయం. కరెంటంతా సూర్యుడిదే.

ఒక ఆచారం ఉంది, దాని పేరు ఇనాటి. ఊరందరి కోసం పట్టిన చేపల్ని ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. ఒడ్డున కుప్ప పోసి, ఊళ్లో ఎన్ని ఇళ్లవాళ్లున్నారో అన్ని వాటాలు వేస్తారు. వేటకు పోయినవాడికీ, పోలేని ముసలివాడికీ ఒకటే లెక్క. పిల్లలొచ్చి ఎవరింటి వాటా వాళ్లు మోసుకెళ్తారు.

"మరి ఆ రోజు ఊళ్లో లేనివాళ్లకో?" అంది.

"వాళ్ల ఇంటి వాటా ఉంటుంది కదా."

"అంటే పంచేవాడు అందరినీ గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే?"

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది.

నవంబర్ 24, సోమవారం

ఫారూఖ్ సార్ దగ్గరకు పోయాను. హైదరాబాద్ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ రోజుకు వంద ఫోన్లు చేస్తాడు, ఒక్కటీ గుర్తుండదు. బాలన్నను తాయిఫ్ పంపమని మీరే చెప్పారు సార్ అన్నాను.

"నేను చెప్పిన్నా? ఎప్పుడు చెప్పిన్నా మియా? కాగజ్ చూపించు."

తాయిఫ్ ఫోర్‌మన్ చేత ఉత్తరం రాయిస్తానన్నాను. నవ్వాడు. "వాడు అక్కడ పని చేస్తున్నాడు అని రాస్తడు. ఎవరు పంపిన్రు? కంపెనీ పంపకుండ వేరే జాగాల పని చేస్తే దాన్నే హురూబ్, పారిపోవుడు అంటరు. ఇంకా గట్టిగ ఇరుక్కుంటడు."

రిజిస్టర్‌లో ఇప్పుడు ఎక్కించే వీల్లేదు, ఏ రోజు పేజీ ఆ సాయంత్రమే స్కాన్ అయి హెడ్డాఫీసుకు పోతుంది. గవర్నమెంటు పనులు చూసే మందూబ్ సౌదీ ఆయన. ఆ తేదీన రాసిన కాగితం ఏదైనా ఉంటే రేపో ఎల్లుండో వెనక్కి తీయిస్తాను, లేకపోతే అడగొద్దన్నాడు.

ఆ తేదీన రాసిన కాగితం ఉంది. ఈ డైరీలో ఉంది. చెప్పకుండా వచ్చేశాను.

నవంబర్ 25, మంగళవారం

నవంబర్ 7 పేజీ మళ్లీ చదివాను. నా చేతిరాతే. "జుమ్మా తర్వాత ఫారూఖ్ సార్ ఫోన్ చేశాడు. గంటలో తాయిఫ్ బండి పోతుంది, ఒక స్కాఫోల్డర్‌ను ఎక్కించమన్నాడు. 1146 బాలన్నను పంపాను. ఇవాళ సెలవు, రిజిస్టర్ బీరువాలో ఉంది. రేపు ఎక్కించాలి." అచ్చు తారీఖు పైనే ఉంది. ఇంతకన్నా ఏం కావాలి.

ఈ కాగితం వెనకవైపు నవంబర్ 8. అందులో నా డబ్బాల పద్ధతి అంతా ఉంది. గది గడప తొక్కకుండా రెండు వేల మందికి హాజరు వేస్తున్నానని గొప్పగా రాసుకున్నాను. ఇంకో నాలుగు వరుసలు ఫారూఖ్ సార్ మీద. ఆయనది నోరు కాదని, బోరింగు పంపు అని, కొట్టినకొద్దీ శబ్దమే తప్ప నీళ్లు రావని. ఆయన హైదరాబాద్‌లో ఇంటర్ దాకా తెలుగు చదివాడు. నాకన్నా బాగా చదువుతాడు.

ఒక వైపే జిరాక్స్ తీసిస్తే? మందూబ్‌ను ఫోన్‌లో అడిగాను. జిరాక్స్ ఎవడైనా తయారుచేస్తాడు, అసలు కాగితమే కావాలన్నాడు.

నెలాఖరు ఉత్తరం ఇంకా పోలేదు. అఫ్షాన్ వేసవికి జుబైల్ బీచ్ చూస్తానని ఫ్రెండ్స్ అందరికీ చెప్పేసిందట.

బాలన్న పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు. అన్ని బస్సులనూ ఆపరు. ఆపినా అందరి ఇఖామాలూ చూడరు. నేను వెళ్లిన రెండుసార్లూ చూడలేదు.

నవంబర్ 25, అదే రోజు, సాయంత్రం అసర్ నమాజు తర్వాత

రెండుసార్లూ చూశారు.

నవంబర్ 26, బుధవారం

పొద్దున మెస్ అర ముందు నడిచాను. ఎర్ర గుడ్డపేలిక మీద సన్నగా ఇసుక పట్టింది. రెండు వారాలుగా ఆ డబ్బాను చూసి మనిషి లేడనుకున్నాను. ఆ మనిషిని పంపిన నోరు నాదే. నేను మరిచిపోయాను. ఇది ఒక్క వరుసలో రాయడానికి నాకు వారం పట్టింది. సిగ్గుగా ఉంది.

పేజీ చింపాను. కుట్టు దగ్గర స్కేలు పెట్టి నీటుగా చింపాను. ఫారూఖ్ సార్ బల్ల మీద పెట్టాను.

ఏడో తారీఖు చదివాడు. "అరే, నేనే చెప్పిన్నా" అన్నాడు. తర్వాత తిరగేశాడు. నేను కిటికీ లోంచి క్రేన్‌ను చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు చదివాడు. నాలుగు వరుసలకు అంతసేపు పట్టదు, రెండుసార్లు చదివి ఉంటాడు.

"బోరింగ్ పంప్," అన్నాడు చివరికి.

"సార్."

"డబ్బాలు లెక్కపెడతవా నువ్వు? మూడేండ్లు?"

"అవును సార్."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మందూబ్‌ను పిలిచి ఏడో తారీఖు వైపు అరబ్బీలో రాయించి, ముద్ర కొట్టి, సంతకం చేశాడు. నాతో మాత్రం, "ఆ ఉత్తరం ఈ సాల్ పోదు ఖాదర్. రేపటి నుంచి గది గది తిరుగు" అన్నాడు. సరే సార్ అన్నాను. మధ్యాహ్నానికి మందూబ్ ఫోన్ చేశాడు, బాలన్న పేరు మీద ఉన్నది తీసేశారని.

నవంబర్ 27, గురువారం

లిస్టులోని మిగతా పది మంది గదులకు ముందు పోయాను, వాళ్లు నిజంగానే లేరు. మొదటి రోజుకు తొంభై రెండు గదులు తిరిగాను. మోకాళ్లు పట్టేశాయి. ముప్పై ఒకటో గదిలో ఒకాయన వారంగా జ్వరంతో పడుకుని ఉన్నాడు. అతని డబ్బా రోజూ ఎవరో ఎత్తుకెళ్తున్నారు, నా లెక్కలో అతను రోజూ పనికి పోతున్నాడు. క్లినిక్‌కు పంపాను.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి వేసవికి కుదరదని చెప్పాను. సురయ్యా ఫోన్ అఫ్షాన్ చేతికిచ్చేసింది. అంటే ఎంత బాధపడిందో నాకు తెలుసు. అఫ్షాన్‌కు కారణం కూడా చెప్పాను, ఉన్నదున్నట్టు. అది కాస్త ఏడ్చింది. ఏడుపు ఆగాక, ప్రాజెక్టు చివర్లో పెట్టడానికి ఎవరికీ తెలియని సంగతి ఒకటి కావాలంది.

ఉంది. టోకెలావ్ గడియారం పూర్వం న్యూజిలాండ్‌కు ఒక రోజు వెనక ఉండేది. ఆ తేడా తీసేద్దామని 2011లో డిసెంబర్ 29 గురువారం పడుకుని, 31 శనివారం లేచారు. 30వ తేదీ శుక్రవారం వాళ్లకు రానే లేదు.

"ఆ రోజు పుట్టినరోజున్న వాళ్లో?" అంది.

"మర్నాడు చేసుకుని ఉంటారు."

"మీ డైరీలోనూ అంతే కదా అబ్బా. మీదీ శుక్రవారమే."

నాకు ముందూ వెనకా రెండు రోజులు పోయాయి తల్లీ, వాళ్లకన్నా ఒకటెక్కువ అన్నాను. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం.

నవంబర్ 28, శుక్రవారం

బాలన్న బస్సు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. దారిలో మూడుచోట్ల ఇఖామా చూశారట. మూడుచోట్లా వెనక్కి ఇచ్చేశారట.

తాయిఫ్ నుంచి దానిమ్మల పెట్టె తెచ్చాడు. మెస్ ముందు గోనె పరిచి కుప్ప పోసి, వాళ్ల గది వాళ్లకూ పక్క గది వాళ్లకూ వాటాలు వేశాడు. డ్యూటీలో ఉన్నవాళ్ల వాటాలు వాళ్ల వాళ్ల డబ్బాల్లో పెట్టాడు. ఒకటి నాకు ఇవ్వబోయాడు. చెయ్యి చాచకుండా ముందు చెప్పాలనుకున్నాను.

"బాలన్నా, నీ పేరు పంపింది నేనే. నిన్ను బండెక్కించి మరిచిపోయాను. మెసేజ్ గురించి అబద్ధం చెప్పాను."

"ఎర్కే భాయ్," అన్నాడు. "స్వామి గా దినమే ఫోన్ జేసి సెప్పిండు. మెసేజ్ గూడ ఆడ ఒక సూడానాయనతోని సదివిచ్చిన."

"తెలిసి నన్నెందుకు చదవమన్నావు?"

దానిమ్మలు ఏరుతూనే ఉన్నాడు. పండినది ఒకటి వెతికి నా చేతిలో పెట్టాడు.

"మీరు సెప్తరేమో అని."

నవంబర్ 29, శనివారం

బీరువా తెరవగానే రిజిస్టర్ తీసి మొదట ఎక్కించింది: 1146 బాలన్న, హాజరు. గదికి పోయి, మనిషిని చూసి రాశాను.